నక్షత్రాన్ని ఊపి చూసే విద్య

అంబాజీపేటలో కురిడీ కొబ్బరి బేరం చెవితో మొదలవుతుంది. నెలల తరబడి అటక మీద నిలవ ఉంచిన కాయను తీసి చెవి పక్కన ఒకసారి ఊపుతారు. నీళ్లు మిగిలి ఉంటే తొణికిన చప్పుడు వస్తుంది. నీళ్లన్నీ ఇంకిపోయి, ఎండిన కొబ్బరి పెంకును వదిలేసి ఉంటే లోపల గలగలలాడుతుంది. అలవాటైన చెయ్యి కాయ పగలగొట్టకుండానే అది ఎంతవరకు ఎండిందో, ఇంకెన్నాళ్లు ఆగాలో చెప్పేస్తుంది.

సూర్యుడి లాంటి నక్షత్రం లోపల ఏముందో, దాని వయసెంతో తెలుసుకోవడానికి ఖగోళ శాస్త్రవేత్తలకు దొరికిన దారి కూడా ఇలాంటిదే. కాకపోతే నక్షత్రాన్ని ఎవరూ ఊపక్కర్లేదు. అది తనంతట తానే మోగుతూ ఉంటుంది.

ఆ మోతకు మూలం ఎసరు. సూర్యుడి వ్యాసార్థంలో పైనున్న సుమారు 30 శాతం మందం, అంటే దాదాపు 2 లక్షల కిలోమీటర్ల లోతు, పొయ్యి మీద ఎసరు తెర్లినట్టు ఎడతెగకుండా తెర్లుతూ ఉంటుంది. అడుగున వేడెక్కిన వాయువు పైకి వస్తుంది, వేడి వదిలి కిందికి దిగుతుంది. పైకి వచ్చిన ఒక్కో బుడగ వెడల్పు సుమారు వెయ్యి కిలోమీటర్లు. దాని ఆయుష్షు పది నిమిషాలకు అటూ ఇటూ. ఇంత అలజడి ఉన్నచోట చప్పుడు పుట్టకుండా ఎలా ఉంటుంది? ఆ ధ్వని తరంగాలు ఉపరితలం దాటి బయటికి పోలేవు. లోపలికి మళ్లి, వేడి పెరిగే కొద్దీ వంగి, మళ్లీ పైకి వస్తాయి. సన్నాయి గొట్టంలో ఊదిన గాలి కొన్ని స్వరాలకే నిలబడినట్టు, ఈ తరంగాలు కూడా కొన్ని పౌనఃపున్యాల దగ్గరే స్థిరపడతాయి. 1960ల మొదట్లో అమెరికా శాస్త్రవేత్త రాబర్ట్ లైటన్ బృందం సూర్యుడి ఉపరితలం సుమారు అయిదు నిమిషాలకు ఒకసారి పైకీ కిందికీ ఊగుతోందని కనిపెట్టింది. అది లోపల చిక్కుకున్న ధ్వని అని తేలడానికి మరో పదేళ్లు పట్టింది. ఆ తర్వాత సూర్యుడి లోపలి పొరల భ్రమణాన్ని కూడా ఈ కంపనాల ద్వారానే కొలిచారు. రాత్రి అడ్డు రాకుండా సూర్యుణ్ణి చూడటానికి 1995లో ప్రపంచమంతటా ఆరు చోట్ల పరికరాలు పెట్టారు. వాటిలో ఒకటి మన దేశంలో ఉదయ్‌పూర్‌లో ఉంది.

సూర్యుడు దగ్గర కాబట్టి సరే. మిగతా నక్షత్రాలు చుక్కలు. చుక్క ఊగడం ఎలా తెలుస్తుంది? రెండు దారులున్నాయి. ఉపరితలం మనవైపు వచ్చినప్పుడు, వెనక్కి పోయినప్పుడు వర్ణపటంలోని గీతలు పిసరంత జరుగుతాయి. సూర్యుడిలో ఒక్కో కంపనానికి ఆ వేగం సెకనుకు ఇరవై సెంటీమీటర్ల లోపే, అంటే మనిషి నడక కంటే చాలా తక్కువ. రెండో దారి కాంతిని కొలవడం. కార్తీక మాసంలో గోదావరిలో పది లక్షల దీపాలు వదిలారనుకుంటే, వాటిలో నాలుగైదు ఆరి మళ్లీ వెలిగితే మొత్తం వెలుగులో వచ్చే తేడా ఎంతో, ఒక్కో కంపనం వల్ల నక్షత్ర కాంతిలో వచ్చే తేడా అంత. తేమ నిండిన మన గాలిలోంచి చూస్తే ఆ తేడా కనిపించే ప్రశ్నే లేదు. అందుకే అంతరిక్షంలోకి వెళ్లాల్సి వచ్చింది.

మొదటి దారిలో తొలి స్పష్టమైన విజయం 2001లో వచ్చింది. ఆ నక్షత్రం డెల్టా వాళ్లకు పరాయిది కాదు. మే నెలాఖరులో రాత్రి పది గంటల ప్రాంతంలో అంతర్వేది ఇసుకలో నిలబడి సముద్రం వైపు, సరిగ్గా దక్షిణానికి చూస్తే, క్షితిజానికి పిడికెడున్నర ఎత్తు కూడా లేకుండా రెండు ప్రకాశవంతమైన చుక్కలు పక్కపక్కనే కనిపిస్తాయి. వాటిలో ఎడమవైపుది ఆల్ఫా సెంటారి. మన నుంచి 4.37 కాంతి సంవత్సరాల దూరం. కంటికి ఒకటిగా కనిపించే ఆ చుక్కలో రెండు నక్షత్రాలున్నాయి. పెద్దది సూర్యుడి కంటే పది శాతం బరువెక్కువ, అంతకంటే కాస్త ఎక్కువే లావు. అది దాదాపు ఏడు నిమిషాలకు ఒకసారి ఊగుతోందని కొలిచారు. సూర్యుడికి అయిదు, దానికి ఏడు. పెద్ద గంట మంద్రంగా మోగినట్టే, పలచగా విస్తరించిన నక్షత్రం నెమ్మదిగా మోగుతుంది. స్వరాల మధ్య ఎడాన్ని బట్టి నక్షత్రం సగటు సాంద్రత తెలుస్తుంది. సూర్యుడిలో ఆ ఎడం 135 మైక్రోహెర్ట్జ్, ఆల్ఫా సెంటారి పెద్ద నక్షత్రంలో 106. ఇంకా సూక్ష్మమైన మరో ఎడం ఉంటుంది. గర్భంలో హైడ్రోజన్ ఖర్చయి హీలియం పేరుకుంటున్న కొద్దీ అది తగ్గుతూ వస్తుంది. కురిడీ కాయలో నీళ్లు ఇంకినట్టు నక్షత్రంలో ఇంధనం ఇంకడం వినిపించేది అక్కడే. వయసు చెప్పేది కూడా అదే.

2009 మార్చిలో నాసా పంపిన కెప్లర్ టెలిస్కోప్ లక్షన్నర నక్షత్రాల వెలుగును నాలుగేళ్ల పాటు కన్నార్పకుండా కొలిచింది. దాని అసలు పని గ్రహాలను వెతకడం. అయినా నిమిషానికొక లెక్క చొప్పున చూసిన నక్షత్రాల్లో సూర్యుడి లాంటివి సుమారు 500 మోగుతున్నాయని 2011లో తేలింది. అంతకు ముందు ఆ సంఖ్యను వేళ్ల మీద లెక్కపెట్టేవారు.

కానీ మోత ఒక్కటే కథ కాదు. ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట దాటిన గోదావరి గౌతమిగా, వశిష్ఠగా విడిపోతుంది, ఇంకొంచెం కిందికొస్తే వైనతేయ చీలుతుంది. మూడు పేర్లున్నా నీళ్లు ఒక్కటే. నక్షత్రంలో కూడా తెర్లే వాయువు ఒక్కటే. అది మోతను పుట్టిస్తుంది. నక్షత్రం తన చుట్టూ తాను తిరుగుతుంటుంది కాబట్టి ఆ తెర్లుడు మెలికలు తిరిగి డైనమోలా పనిచేసి అయస్కాంత క్షేత్రాన్ని పుట్టిస్తుంది. ఆ క్షేత్రం మళ్లీ భ్రమణానికి పగ్గం వేస్తుంది, మోతను అణచివేస్తుంది. వీటిలో ఏ ఒక్కదాన్నో విడదీసి చదివినప్పుడల్లా లెక్క తప్పింది. ఈ రంగంలో గత అరవై ఏళ్ల అనుభవం గట్టిగా చెబుతున్న మాట అదే.

భ్రమణం చూడటం అన్నిటికంటే సులువు. సూర్యుడి విషయంలో పెరట్లోనే చూడొచ్చు. రథసప్తమి నాడు చిక్కుడు ఆకుల్లో పరమాన్నం పెట్టే ఆ ఎండలోనే, బైనాక్యులర్‌కు ఒక కన్ను మూసేసి, రెండో కంటిలోంచి వచ్చే సూర్యబింబాన్ని అరచేతి దూరంలో పట్టుకున్న తెల్ల అట్ట మీద పడనివ్వాలి. బైనాక్యులర్‌లోంచి సూర్యుణ్ణి నేరుగా చూడటం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ కూడదు. క్షణంలో చూపు పోతుంది. పిల్లల చేతికి ఒంటరిగా ఇవ్వకూడదు. అట్ట మీద రూపాయి బిళ్లంత వెలుగు పడుతుంది. అందులో ఆవగింజ కంటే చిన్న నల్లటి చుక్కలుంటాయి. సూర్యుడి మచ్చలు అవే, అయస్కాంత క్షేత్రం బాగా బలంగా ఉన్న చోట్లు. పెన్సిల్‌తో వాటిని గుర్తుపెట్టి, మర్నాడు అదే వేళకు మళ్లీ చూస్తే చుక్కలు కొంచెం పక్కకు జరిగి ఉంటాయి. పదమూడు రోజుల్లో ఒక అంచు నుంచి రెండో అంచుకు చేరతాయి. మధ్యరేఖ దగ్గర సూర్యుడు 25 రోజులకు ఒక చుట్టు తిరుగుతాడు, ధ్రువాల దగ్గర దాదాపు 35 రోజులు పడుతుంది. ఈ తేడాయే అయస్కాంత రేఖలను తాడు పేనినట్టు పేనుతుంది.

దూరపు నక్షత్రం మీద మచ్చ కనిపించదు. కానీ మచ్చ మనవైపు తిరిగినప్పుడు వెలుగు కొంచెం తగ్గుతుంది, అవతలికి పోతే పెరుగుతుంది. ఆ ఎగుడుదిగుడు ఎన్నాళ్లకొకసారి వస్తే అన్నాళ్లే భ్రమణ కాలం. కెప్లర్ సమాచారంలోంచి ఈ పద్ధతిలో 34,030 నక్షత్రాల భ్రమణ కాలాలను 2014లో ఒకే పత్రంలో ప్రకటించారు. ఇందులో ఒక ఇరకాటం ఉంది. మచ్చలు బాగా ఉన్న నక్షత్రాల లెక్కే తేలుతుంది. ముసలి నక్షత్రాల మీద మచ్చలు తక్కువ కాబట్టి అవి ఈ వలలో పడవు. ఈ సంగతి ముందుముందు అవసరమవుతుంది.

అయస్కాంత చురుకుదనాన్ని పసిగట్టేది కాల్షియం. నక్షత్రపు వర్ణపటంలో ఊదా కొసన 393.4, 396.8 నానోమీటర్ల దగ్గర రెండు నల్లటి లోతైన గీతలుంటాయి. నక్షత్రం మీద అయస్కాంత క్షేత్రం బలంగా ఉన్నచోట క్రోమోస్ఫియర్, అంటే ఉపరితలం పైనున్న పలచని వాయు పొర, వేడెక్కి, ఆ నల్లటి గీత నడిబొడ్డున సన్నటి వెలుగు మొలుస్తుంది. ఆ వెలుగు ఎంత ఎక్కువైతే నక్షత్రం అంత చురుకుగా ఉన్నట్టు. ఈ గీతల చరిత్రలో తెలుగునేలకు సంబంధమున్న పేరొకటి ఉంది. హైదరాబాద్‌లో నిజామియా వేధశాల నీడలో పెరిగి, నిజాం కాలేజీలో చదివిన ఎం.కె. వైను బాప్పు, అమెరికాలో ఓలిన్ విల్సన్‌తో కలిసి 1957లో ఒక సంబంధాన్ని ప్రకటించారు. కాల్షియం గీత మధ్య వెలుగు ఎంత వెడల్పుంటే నక్షత్రం అసలు ప్రకాశం అంత ఎక్కువ. దాన్ని ఇవాళ్టికీ విల్సన్–బాప్పు ప్రభావం అంటారు. తర్వాత బాప్పు అధిపతిగా ఉన్న కొడైకెనాల్ వేధశాలలో 20వ శతాబ్దం మొదటి దశకం నుంచి సూర్యుణ్ణి కాల్షియం వెలుగులో రోజూ ఫొటో తీస్తూ వచ్చారు. వంద సంవత్సరాల పలకలు అవి. దేశంలో ఇంతటి ఓపిక చూపించిన శాస్త్ర కార్యక్రమాలు చాలా తక్కువ.

ఓపిక ఎందుకంత ముఖ్యమో గోదావరి గట్టున ఉన్నవాళ్లకు వివరించి చెప్పక్కర్లేదు. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. ఆ అంకెలు ఒక్క ఏడాది చూసి పెట్టినవి కావు. 1986 ఆగస్టులో 35 లక్షల క్యూసెక్కులు వచ్చిన రోజొక్కటే చూసినవాడు గోదావరి అంటే ప్రళయం అనుకుంటాడు. ఏప్రిల్‌లో ఇసుక మేటలు చూసి వెళ్లినవాడు ఇదేం నది అంటాడు. 2022లో జులైలోనే 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు, అది నెలకు మించిన వరద అని చెప్పగలిగింది వెనక దశాబ్దాల స్కేలు రీడింగులు ఉన్నాయి కాబట్టే.

విల్సన్ సరిగ్గా ఈ పనే నక్షత్రాలకు చేశాడు. 1966లో అమెరికాలోని మౌంట్ విల్సన్ కొండ మీద 100 అంగుళాల టెలిస్కోప్‌తో 91 నక్షత్రాల కాల్షియం వెలుగును నెలనెలా, ఏటేటా కొలవడం మొదలుపెట్టాడు. సూర్యుడికి పదకొండేళ్ల మచ్చల చక్రం ఉంది, ఆ సంగతి 1843లో ష్వాబే అనే జర్మన్ మందుల వ్యాపారి 17 ఏళ్లు మచ్చలు లెక్కపెట్టి చెప్పాడు. మరి మిగతా నక్షత్రాలకు అలాంటి చక్రాలున్నాయా? ప్రశ్న ఒక్క ముక్క, జవాబుకు పన్నెండేళ్లు. 1978లో విల్సన్ చెప్పిన సమాధానం: ఉన్నాయి. ఆ కొలతలు ఆయన తర్వాత కూడా 2003 వరకు సాగాయి. 61 సిగ్ని అనే నక్షత్రానికి ఏడేళ్ల చక్రం గడియారంలా నడుస్తోంది. కుర్ర నక్షత్రం ఎప్సిలాన్ ఎరిడానికి మూడేళ్లదొకటి, పదమూడేళ్లదొకటి, రెండు చక్రాలు ఒకదాని మీద ఒకటి నడుస్తున్నాయి. టౌ సెటి లాంటివి ఏళ్ల తరబడి చలనం లేకుండా ఉన్నాయి. సూర్యుడు కూడా 1645 నుంచి 1715 వరకు దాదాపు మచ్చల్లేకుండా గడిపాడు. టౌ సెటి నిద్ర అలాంటిదేనా, లేక శాశ్వతమా అన్నది పదేళ్ల కొలతతో తేలే విషయం కాదు.

ఇప్పుడు పగ్గం సంగతి. పొలంలో పిట్టలు తోలడానికి వడిసెల తిప్పేవాళ్లకు తెలుసు, రాయి చేతిలోంచి జారిపడితే ఏమీ కాదు, పొడుగు తాడు చివర నుంచి వదిలితే చెయ్యి గుంజుకున్నట్టవుతుంది. సూర్యుడి నుంచి సెకనుకు పది లక్షల టన్నులకు పైగా పదార్థం సౌరగాలిగా పోతుంది. సూర్యుడి బరువు ముందు అది లెక్కలోకే రాదు. కానీ ఆ గాలిని అయస్కాంత రేఖలు వడిసెల తాడులా పట్టుకుని, చాలా దూరం తమతో పాటు తిప్పి వదులుతాయి. పోయే ప్రతి పిసరూ తన వంతుకు మించిన భ్రమణాన్ని తీసుకుపోతుంది. అలా కోట్ల ఏళ్లలో నక్షత్రం నెమ్మదిస్తుంది. నెమ్మదించే కొద్దీ డైనమో మందగిస్తుంది, క్షేత్రం బలహీనపడుతుంది, పగ్గం కూడా కొంత వదులవుతుంది.

1972లో అమెరికా శాస్త్రవేత్త ఆండ్రూ స్కుమానిచ్ ఒక చిన్న పత్రంలో దీనికి లెక్క కట్టాడు. కృత్తికల గుంపు వయసు పది కోట్ల ఏళ్లకు కాస్త పైన. రోహిణి చుట్టూ ఉన్న హయడీస్ గుంపుది అరవై కోట్ల పైచిలుకు. సూర్యుడిది 457 కోట్లు. వీటిని వరసగా పెడితే, భ్రమణ వేగమూ కాల్షియం వెలుగూ రెండూ వయసు వర్గమూలానికి విలోమంగా తగ్గుతున్నాయి. అంటే నాలుగు రెట్లు ముసలిదైతే సగం వేగం. తిరిగే వేగం చూసి వయసు చెప్పేయవచ్చన్నమాట. దాదాపు నలభై ఏళ్ల పాటు ఈ సూత్రాన్ని అందరూ నమ్మారు.

దాన్ని కదిలించింది మోత. హంస ఆకారపు సిగ్నస్ రాశిలో 16 సిగ్ని అనే జంట ఉంది, రెండూ సూర్యుడికి దగ్గరి పోలికలు. కంపనాలను బట్టి వాటి వయసు సుమారు 700 కోట్ల ఏళ్లు. స్కుమానిచ్ సూత్రం ప్రకారం అవి 31 రోజులకు ఒక చుట్టు తిరగాలి. కొలిస్తే 23, 24 రోజులే వచ్చింది. అంత వయసొచ్చి అవి సూర్యుడి కంటే నెమ్మదిగా కాదు, కాస్త వేగంగానే తిరుగుతున్నాయి. 2016లో జెన్నిఫర్ వాన్ సేడర్స్ బృందం కెప్లర్ చూసిన మరికొన్ని ముసలి నక్షత్రాలను కూడా లెక్కేసి ఒక ప్రతిపాదన చేసింది. ఒక దశ దాటాక పగ్గం జారిపోతుంది, ఆ దశ సూర్యుడి వయసుకు దగ్గర్లోనే ఉంది.

ఇక్కడే మచ్చల ఇరకాటం ముందుకొచ్చింది. ముసలి నక్షత్రాల్లో మచ్చలున్నవే, అంటే వేగంగా తిరిగేవే కంటపడుతున్నాయేమో? వేరే నెమ్మది నక్షత్రాలు మచ్చల్లేక లెక్కలోంచి తప్పిపోయాయేమో? ఆ సందేహం తీర్చడానికి మచ్చలతో పనిలేని పద్ధతి కావాలి. అది కంపనాల్లోనే దొరికింది. నక్షత్రం తిరుగుతుంటే, తిరిగే దిక్కున పోయే తరంగం ఒక స్వరంలో, ఎదురు పోయే తరంగం ఇంకో స్వరంలో వినిపిస్తుంది. ఒక్క స్వరం దగ్గర దగ్గరగా చీలిపోతుంది. శ్రుతి సరిగా కలవని రెండు తంబురా తీగల మధ్య తేడా లాంటిది. ఆ చీలిక వెడల్పే భ్రమణ వేగం. 2021లో 91 నక్షత్రాలకు ఇలా భ్రమణం కొలిచి చూస్తే, పగ్గం జారడం నిజమేనన్న వాదనకే బలం వచ్చింది. మచ్చలు చూపిన అనుమానాన్ని మోత తీర్చడం ఈ రంగంలోని అందమైన ఘట్టాల్లో ఒకటి. సూర్యుడి డైనమో కూడా ఇప్పుడు ఆ మలుపులో ఉందా అన్న ప్రశ్న అక్కడి నుంచే మొదలైంది.

అయితే మోత వినడానికి అయస్కాంత క్షేత్రం అడ్డు తగులుతుంది. సూర్యుడి మీద మచ్చలు పెరిగిన ఏడాది కంపనాల పౌనఃపున్యం కొంచెం పెరుగుతుంది, బలం కొంచెం తగ్గుతుంది. మృదంగం మూతను గట్టిగా బిగించి, పైన చెయ్యి ఆనించినట్టు. ఫ్రాన్స్ నాయకత్వంలో 2006 డిసెంబర్‌లో వెళ్లిన కోరో ఉపగ్రహం హెచ్‌డి 49933 అనే నక్షత్రంలో ఇదే పని జరుగుతుండగా పట్టుకుంది, 2010లో ప్రకటించారు. మరో నక్షత్రపు అయస్కాంత చక్రాన్ని దాని లోపలి మోతలో గుర్తించడం అదే మొదటిసారి. కెప్లర్ చూసిన నక్షత్రాల్లో కూడా బాగా చురుకైనవాటిలో మోత వినపడలేదు. కుర్ర నక్షత్రాల భ్రమణం మచ్చలతో తెలుస్తుంది, మోత తెలియదు. ముసలివాటికి మోత తెలుస్తుంది, మచ్చలు తెలియవు. నడివయసువి మాత్రమే రెండూ చెబుతాయి. సూర్యుడు నడివయసులో ఉండటం మనకు కలిసొచ్చింది.

సూర్యుడి గురించి ఇంకో మాట. 2020లో, సూర్యుడితో ఉష్ణోగ్రతలో, వయసులో, భ్రమణంలో సరిపోలే 369 నక్షత్రాలను ఎంచి పోల్చితే, వాటిలో చాలా వరకు వెలుగు హెచ్చుతగ్గులు సూర్యుడి కంటే అయిదు రెట్ల దాకా ఎక్కువని తేలింది. సూర్యుడు ఎప్పుడూ ఇంత నెమ్మదస్తుడా, లేక మనం చూస్తున్న ఈ కొద్ది కాలంలో నెమ్మదిగా ఉన్నాడా అన్నది తెలియాలి. ఇది కేవలం కుతూహలం కాదు. 1859 సెప్టెంబర్‌లో వచ్చిన సౌర తుపానును ముంబయి కొలాబాలోని అయస్కాంత పరికరాలు నమోదు చేశాయి. అప్పట్లో దెబ్బతిన్నది తంతి తీగలే. ఇవాళ ఓడరేవుల నుంచి వేటకు వెళ్లే పడవల జీపీఎస్ దాకా అన్నీ ఆకాశంలోని ఉపగ్రహాల మీద ఆధారపడ్డాయి. 2023 సెప్టెంబర్ 2న శ్రీహరికోట నుంచి వెళ్లిన ఆదిత్య-ఎల్1, 15 లక్షల కిలోమీటర్ల దూరం నుంచి సూర్యుణ్ణి రాత్రి లేకుండా చూస్తోంది. దాని కెమెరాకున్న ఫిల్టర్లలో ఒకటి 396.8 నానోమీటర్ల కాల్షియం గీతకు కేటాయించినదే.

నక్షత్రాల వైపు తర్వాతి అడుగు ఐరోపా అంతరిక్ష సంస్థ సిద్ధం చేస్తున్న ప్లాటో అంతరిక్ష టెలిస్కోప్. 26 కెమెరాలతో అది దక్షిణాకాశంలో ఒకే దిక్కును కనీసం రెండేళ్లు చూస్తూ కూర్చుంటుంది. అది చూసే నక్షత్రాలు కెప్లర్ చూసినవాటికంటే దగ్గరివీ, ప్రకాశవంతమైనవీ కాబట్టి మోత, మచ్చలు, కాల్షియం మూడూ ఒకే నక్షత్రంలో కలిపి చదవడానికి వీలవుతుంది. ఎంచుకున్న ఆ దిక్కు అగస్త్య నక్షత్రం చుట్టుపక్కల ఆకాశం. రథసప్తమి రోజుల్లో రాత్రి తొమ్మిది, పది గంటల మధ్య కోనసీమ కొబ్బరి తోట దాటి ఏ పొలం గట్టు మీద నిలబడి దక్షిణానికి చూసినా, రెండు పిడికిళ్ల ఎత్తున అగస్త్యుడు తెల్లగా వెలుగుతుంటాడు. ఆ చుట్టూ కంటికి ఆనని నక్షత్రాలు వేలల్లో ఉన్నాయి.